కార్పెట్ కడిగే మెషిన్ నీళ్ళు లాగడం లేదా? మెకానిక్ దగ్గరికి పోయేముందు ఇవి చూసుకోండి

మొన్న సంక్రాంతికి కావలి వెళ్ళినప్పుడు మా అక్క వాళ్ళ ఇంట్లో అటక మీద కార్పెట్ కడిగే మెషిన్ డబ్బాతో సహా కనపడింది. కొని ఏడాది కూడా కాలేదు. ఏమైందక్కా అంటే, "నీళ్ళు చిమ్ముతా ఉంది గానీ లాగట్లేదబ్బయా, షాపులో చూపిస్తే మోటారు పోయింది, 1800 అవుద్దన్నాడు, అంత పెట్టి ఎవరు చేయిస్తార్లే అని పైన పెట్టేశా" అంది. కిందికి దించి మురికి నీళ్ళ ట్యాంకు మూత తీసి చూస్తే, లోపల పైకీ కిందికీ ఆడాల్సిన తేలే ముక్క ఎండిపోయిన సబ్బు నురగ, వెంట్రుకలు పట్టుకుని పైనే అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వదిలింది. మోటారుకు ఏమీ కాలేదు.

ఒంగోలులో మా ఇంట్లో ఇలాంటి మెషిన్ మూడేళ్ళుగా వాడుతున్నాం. ఇద్దరు పిలకాయలు, హాల్లో ఒక కార్పెట్, గుడ్డ సోఫా, కారు సీట్లు, అన్నీ దీంతోనే. మొదటి ఏడాది నాకూ సరిగ్గా వాడటం తెలియలేదు, కడిగిన కార్పెట్ రెండు రోజులు ఆరక ముక్క వాసన వచ్చి చివరికి మేడ మీద ఆరేయాల్సి వచ్చింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మెషిన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకదాంట్లో మనం పోసే షాంపూ నీళ్ళు, వాటిని చిన్న పంపు పైపులోంచి నాజిల్ దాకా తోస్తుంది, మీట నొక్కితే చిమ్ముతాయి. బ్రష్‌తో రుద్దుతాం (పెద్ద మెషిన్లలో బ్రష్ దానంతటదే తిరుగుతుంది). తర్వాత మోటారు గాలిని లాగుతుంది, ఆ గాలితో పాటు కార్పెట్‌లోని మురికి నీళ్ళు లావు పైపులోంచి వచ్చి రెండో ట్యాంకులో పడతాయి, గాలి ఒక్కటే మోటారు దాకా పోతుంది. ట్యాంకు నిండితే ఇందాక చెప్పిన తేలే ముక్క పైకి లేచి ఆ గాలి దారిని మూసేస్తుంది. అంటే నీళ్ళ దారి వేరు, గాలి దారి వేరు. చిమ్మకపోతే పంపు వైపు వెతకాలి, లాగకపోతే గాలి వైపు వెతకాలి. రెండూ ఒకేసారి పాడవడం చాలా అరుదు. ఇంకో మాట, దుమ్ము లాగే మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో మాత్రం తడి లాగకండి, నీళ్ళు నేరుగా మోటారులోకి పోతాయి, మెషిన్ పోవడమే కాదు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. డబ్బా మీద తడికీ పొడికీ రెండింటికీ పనికొస్తుందని రాసి ఉంటేనే తడి లాగించాలి.

ఏ కార్పెట్ కడగొచ్చు, ఏది కడగకూడదు

మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి పాలిప్రొపిలీన్, నైలాన్ లాంటి సింథటిక్ కార్పెట్లు. ఇవి ఈ మెషిన్‌కి బాగా పనికొస్తాయి. ఉన్నివి కూడా కడగొచ్చు గానీ వేడినీళ్ళు వాడకూడదు, ఉన్నికి పనికొస్తుందని రాసి ఉన్న షాంపూనే వాడాలి. సిల్కు, జనపనార కార్పెట్ల జోలికి పోకండి. జనపనార తడిస్తే ఆరేటప్పుడు గోధుమరంగు మరకలు పైకి తేలతాయి, ఆ మరకలు ఓ పట్టాన పోవు. నూలు జంపఖానాకి అసలు మెషిన్ అక్కర్లేదు, బకెట్లో నానబెట్టి ఉతికి ఆరేసుకోవచ్చు.

మీది ఏ రకమో తెలియకపోతే అంచు నుంచి ఒక్క పోగు తెంపి, సింక్ దగ్గర పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడిపొడిగా రాలితే ఉన్ని లేదా సిల్కు. కరిగి గట్టి పూసలాగా అయితే సింథటిక్. కాగితం కాలిన వాసన వస్తే నూలు లేదా నార. తర్వాత రంగు పరీక్ష: సోఫా కింద దాగే మూల ఒకచోట షాంపూ నీళ్ళు కాస్త పోసి, ఐదు నిమిషాలాగి తెల్ల గుడ్డతో అదమండి. గుడ్డకి రంగు అంటితే ఆ కార్పెట్‌ని కడిగేవాళ్ళకి ఇవ్వడం మేలు.

పొడి దుమ్ము ముందు పోవాలి

చాలామంది ఇక్కడే తొందరపడతారు. మా పిన్ని వాళ్ళు చీమకుర్తిలో ఉంటారు, గ్రానైట్ క్వారీల వైపు నుంచి వచ్చే సన్నటి పొడి తలుపులు మూసినా ఇంట్లోకి వస్తుంది. ఆ పొడి మీద నేరుగా నీళ్ళు చిమ్మితే ఏమవుతుంది? బురద అవుతుంది, పోగుల అడుగుకి దిగి కూర్చుంటుంది, లాగినా రాదు. అందుకని ముందు కార్పెట్‌ని బయటికి తీసుకెళ్ళి గోడ మీదో తీగ మీదో తిరగేసి వేసి కర్రతో వీపు వైపు నుంచి కొట్టండి, తర్వాత పొడి వాక్యూమ్ ఉంటే రెండు దిక్కులా తిప్పండి, లేకపోతే గట్టి చీపురుతో పోగులకి ఎదురుగా ఊడవండి. వెంట్రుకలు ఎక్కువ ఉంటే రబ్బరు గ్లవ్ వేసుకుని చేత్తో ఒకే వైపు లాగితే ఉండలు కట్టి వచ్చేస్తాయి.

కొత్తపట్నం, మైపాడు బీచ్‌లకు పోయొచ్చాక కారు మ్యాట్ల సంగతి ఇంకోలా ఉంటుంది. ఇసుక పొడిగా ఉన్నప్పుడే దులపాలి. ఇసుక పోయినా ఉప్పు మిగులుతుంది, ఉప్పు గాల్లోని తేమని లాక్కుంటుంది కాబట్టి మ్యాట్ ఎంత ఆరబెట్టినా చల్లగా, జిగటగా తగులుతూ ఉంటుంది. దానికి షాంపూ పని చేయదు, ఉత్త నీళ్ళు చిమ్మి లాగడం రెండుమూడు సార్లు చేస్తే ఉప్పు కరిగి వచ్చేస్తుంది.

నీళ్ళు, షాంపూ

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, బకెట్ అంచున తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. అదే పొర ఈ మెషిన్ నాజిల్‌లో, పంపులో కడుతుంది. నాజిల్ రంధ్రం సన్నగా ఉంటుంది కాబట్టి త్వరగా మూసుకుపోతుంది. పైగా ఉప్పు నీళ్ళలో షాంపూ సరిగ్గా పనిచేయదు, మనం ఇంకాస్త పోస్తాం, అది కార్పెట్‌లోనే మిగిలిపోతుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు ఉంటే అవి వాడండి. లేకపోతే వీధి చివర ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాన్ ఒకటి దీనికోసం పక్కన పెట్టుకోండి, చిన్న మెషిన్‌తో ఒక హాలు కార్పెట్‌కి సుమారుగా సరిపోతుంది. కడగడానికి క్యాన్ నీళ్ళేమిటని మా నాన్న మొదట్లో కోప్పడ్డారు, నాజిల్ రెండుసార్లు మూసుకుపోయాక ఆయనే తెచ్చిపెడుతున్నారు.

నీళ్ళు గోరువెచ్చగా, చెయ్యి పెడితే హాయిగా ఉండేంత చాలు. మరిగే నీళ్ళు పోస్తే ట్యాంకు ప్లాస్టిక్ వంకరపోతుంది, రబ్బరు వాషర్లు సాగిపోతాయి. పాలు, గుడ్డు, రక్తం, పిల్లల ఉచ్చ లాంటి వాటికైతే గోరువెచ్చనివి కూడా వద్దు, చల్లనీళ్ళే. వేడికి పాలలో, గుడ్డులో, రక్తంలో ఉండే మాంసకృత్తులు గడ్డకట్టి పోగుకి అతుక్కుపోతాయి, ఉచ్చయితే వాసన పోగులకే పట్టుకుని ఉండిపోతుంది.

షాంపూ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే లిక్విడ్, తలకి పెట్టుకునే షాంపూ, ఏదీ పొయ్యకండి. అవి నురగ రావడానికి చేసినవి. కార్పెట్ మెషిన్ షాంపూ నురగ తక్కువ వచ్చేలా తయారుచేస్తారు. నురగ ఎక్కువైతే మురికి ట్యాంకులో పైకి లేచి తేలే ముక్కని పైకి నెట్టేస్తుంది, లాగడం ఆగిపోతుంది, ఇంకా ఎక్కువైతే గాలి దారిలోంచి మోటారులోకి పోతుంది. మా అక్క మెషిన్‌కి జరిగింది అదే, కంపెనీ షాంపూ అయిపోయిందని గిన్నెల లిక్విడ్ రెండు మూతలు పోసింది. షాంపూ సీసా మీద చెప్పిన కొలత కంటే కాస్త తక్కువే పొయ్యండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, మిగిలిన జిగురుకి దుమ్ము అంటుకుని పదిహేను రోజుల్లో ముందుకంటే నల్లగా అవుతుంది.

అసలు పని

కార్పెట్ మొత్తం ఒకేసారి తడపకండి. గుమ్మానికి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ, సుమారు చాప సగం అంత ముక్క తీసుకుని పూర్తిచేసి తర్వాతి ముక్కకి పోవాలి. మీట నొక్కి ఒక్కసారి చిమ్మండి, రెండు మూడు నిమిషాలు నానబెట్టండి, బ్రష్‌తో నాలుగు దిక్కులా మెల్లగా రుద్దండి. గట్టిగా రుద్దితే పోగులు చిట్లుతాయి. ఇప్పుడు మీట వదిలేసి నాజిల్‌ని కార్పెట్‌కి పూర్తిగా ఆనించి, మీవైపుకి నెమ్మదిగా లాగండి. ఎంత నెమ్మదిగా అంటే, నాజిల్ అద్దంలాంటి ప్లాస్టిక్ మూతి లోపల నీళ్ళు పరిగెత్తడం కళ్ళకి కనపడాలి. నీళ్ళు కనపడినంతసేపూ అదే చోట మళ్ళీ లాగుతూనే ఉండాలి. ఒకసారి చిమ్మితే మూడు సార్లు లాగాలి, నా లెక్క అది. ఈ మెషిన్‌తో మనకి ఉన్న పని నీళ్ళు పొయ్యడం కాదు, పోసిన నీళ్ళు వెనక్కి తీసుకోవడం. చేతిలో మీట ఉంది కదా అని చిమ్ముతూ పోతే ఆ నీళ్ళన్నీ కార్పెట్ అడుగు దాకా దిగుతాయి, పైన ఆరినట్టు ఉంటుంది, అడుగున రెండు రోజులకి బూజు వాసన మొదలవుతుంది.

షాంపూతో అయిపోయాక ట్యాంకులో ఉత్త నీళ్ళు పోసి ఇంకోసారి మొత్తం చిమ్మి లాగండి. చాలామంది ఇది వదిలేస్తారు, జిగురు మిగిలేది ఇందువల్లే. మురికి ట్యాంకు నిండేదాకా ఆగకండి, ముప్పాతిక నిండగానే పారబొయ్యండి, బాత్రూంలో జల్లెడ పెట్టి పోస్తే బొచ్చు, వెంట్రుకలు పైపులో చిక్కుకోవు. ఆ నీళ్ళు ఎంత నల్లగా ఉన్నాయో ఒకసారి చూడండి, ఇంత మురికి మీద పిల్లలు పొర్లాడారా అనిపిస్తుంది.

సోఫాకీ పరుపుకీ ఇదే పద్ధతి, కానీ చిమ్మడం ఇంకా తగ్గించాలి. లోపల స్పాంజి ఉంటుంది, అది తాగిన నీళ్ళని ఏ మెషినూ పూర్తిగా లాగలేదు.

ఎప్పుడు కడగాలి

నెల్లూరు, ప్రకాశం తీరంలో మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. ఆ నెలల్లో కార్పెట్ కడగాలనుకోకండి, మరక పడితే ఆ మరక వరకే చూసుకోండి. ఫిబ్రవరి నుంచి మే దాకా హాయిగా కడగొచ్చు, రోహిణి కార్తె ఎండలకైతే పొద్దున కడిగింది మధ్యాహ్నం భోజనాల వేళకి ఆరుతుంది. సాయంత్రం మాత్రం మొదలుపెట్టొద్దు, సముద్రం వైపు నుంచి తేమ గాలి వస్తుంది, రాత్రంతా ఆరదు.

కడిగాక కార్పెట్‌ని టైల్స్ మీద అలాగే పరిచి ఉంచితే కింది తేమ ఎటూ పోలేదు. రెండు కుర్చీల మీదో, ప్లాస్టిక్ స్టూళ్ళ మీదో ఎత్తిపెట్టి ఫ్యాన్ వేసి కిటికీలు తెరవండి. బయట వానగా ఉంటే కిటికీలు మూసేసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి. మేడ మీద ఆరేస్తే వీపు వైపు ఎండకి పెట్టండి, రంగు వెలవదు. ఆరిందో లేదో తెలియాలంటే నాలుగు మడతలు వేసిన టిష్యూ పేపర్ పెట్టి కాలితో గట్టిగా ఒక నిమిషం తొక్కండి, పేపర్ చెమ్మగిలితే ఇంకా ఆరలేదు. 24 గంటల్లో ఆరకపోతే బూజు పట్టే అవకాశం ఉంది, ఫ్యాన్ ఇంకోటి తెచ్చిపెట్టండి.

చేపల పులుసు మరక

నెల్లూరు వాళ్ళ ఇళ్ళకి ఇది తప్పదు, అందుకే విడిగా రాస్తున్నాను. పులుసు పడితే అందులో నూనె, చింతపండు, కారం, పసుపు నాలుగూ కలిసి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో వైద్యం. ముందు చెంచాతో పైపైన ఎత్తేయండి, రుద్దొద్దు. తర్వాత పాత గుడ్డ పెట్టి అదమండి. మిగిలిన నూనె మీద మొక్కజొన్న పిండి కానీ మైదా కానీ మందంగా చల్లి అరగంట వదిలేయండి, నూనెని పీల్చుకుంటుంది, ఊడ్చేయండి. వంటసోడా వద్దు, ఎందుకో చెబుతాను. దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రగా అవుతాయి కదా, పసుపుకి సున్నం, సోడా, బట్టల సబ్బు లాంటివి తగిలితే అంతే, పసుపు మరక కాస్తా ఎర్ర మరక అవుతుంది. ఒకసారి మా ఇంట్లో సోఫా మీద ఇలాగే జరిగితే మా ఆవిడ రక్తం మరకేమోనని కంగారు పడింది. అలా ఎర్రబడితే టెన్షన్ పడకండి, తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు కలిపి గుడ్డతో అద్దితే మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది.

నూనె పోయాక మెషిన్ షాంపూతో మామూలుగా చిమ్మి, రుద్ది, లాగండి, రెండు మూడు సార్లు. అప్పటికీ లేత పసుపు మిగిలితే ఇంక రుద్దకండి. పసుపు రంగుకి ఎండ పడదు. ఆ చోటుని తడిగా ఉండగానే ఎండలో పెట్టండి, రెండు మూడు రోజులు రోజూ కాసేపు పెడితే దానంతటదే వెలిసిపోతుంది. కార్పెట్ రంగు కూడా వెలుస్తుందేమో అని అనుమానం ఉంటే మిగతా భాగాన్ని దుప్పటి కప్పి మరక ఒక్కటే ఎండకి వదలండి.

పిలకాయలు పరుపు తడిపితే, వెంటనే పాత తువ్వాలు వేసి దాని మీద నిలబడి మొత్తం పీల్పించండి, తర్వాత చల్లనీళ్ళు కొంచెమే చిమ్మి లాగండి. వాసన పాతదైతే ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, అది పోసి సీసా మీద చెప్పినంతసేపు నాననివ్వాలి. బ్లీచింగ్ మాత్రం వద్దు, ఉచ్చ మీద బ్లీచింగ్ పడితే, అలాగే బ్లీచింగ్‌లో వెనిగర్ కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తులకి ప్రమాదం.

లాగడం లేదంటే

ప్లగ్ తీసేసి మొదలుపెట్టండి. మొదట మురికి ట్యాంకు ఖాళీ చేయండి, నిండినా, నిండినట్టు మెషిన్‌కి అనిపించినా గాలి ఆగిపోతుంది. రెండోది ఇందాక చెప్పిన తేలే ముక్క, చేత్తో కదిపితే సులువుగా పైకీ కిందికీ పోవాలి. మూడోది ట్యాంకు మూత, దాని చుట్టూ ఉండే రబ్బరు వాషర్ మెలికపడిందా, ఒక చోట బయటికి వచ్చిందా చూడండి, ఒక వెంట్రుక అడ్డం పడినా గాలి లీకవుతుంది. ఆ వాషర్‌ని తడిగుడ్డతో తుడిచి సరిగ్గా కూర్చోబెట్టి, మూత క్లిక్ మనేదాకా నొక్కండి.

అప్పటికీ లాగకపోతే లావు పైపుని నాజిల్ దగ్గర ఊడదీసి, ప్లగ్ పెట్టి ఆన్ చేసి, పైపు మూతికి పొడి అరచెయ్యి అడ్డం పెట్టండి. గట్టిగా పట్టుకుని లాగుతుందా? అయితే తప్పు నాజిల్‌లో ఉంది, బొచ్చు ఇరుక్కుంది, కుళాయి కింద పెట్టి కడగండి. అక్కడ కూడా లాగడం లేదంటే పైపు ఊడదీసి మెషిన్ వైపు మూతి దగ్గర పరీక్షించండి. అక్కడ లాగుతుంటే పైపులోనే అడ్డం. పైపులో టార్చి వేసి చూడండి, లేదా ఒక చివర నుంచి గోలీ వేసి రెండో చివర బయటికి వస్తుందేమో చూడండి. అడ్డం ఉంటే నీళ్ళు గట్టిగా పోసి ఊపాలి, ఇనుప తీగ దూర్చొద్దు, ముడతల పైపు చిల్లు పడుతుంది. చిల్లు ఉందేమో తెలియాలంటే పైపుని మళ్ళీ తగిలించి, మెషిన్ ఆన్ చేసి, పైపుని చెవి దగ్గర పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోండి, ఈల శబ్దం వచ్చిన చోటే చిల్లు. ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేస్తే కొత్త పైపు వచ్చేదాకా పని జరుగుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, మెషిన్ మూతి దగ్గర కూడా గాలి లేదంటే ఫిల్టర్ చూడండి, తడిసి ముద్దయి ఉంటే తీసి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. ఇంతవరకూ వచ్చాక కూడా లాగకపోతే, లేదా మోటారులోంచి కాలిన వాసన, కీచుమనే శబ్దం వస్తే, అప్పుడు మెకానిక్.

చిమ్మడం లేదంటే

మంచినీళ్ళ ట్యాంకు సరిగ్గా కూర్చోకపోవడం మొదటి కారణం. ట్యాంకు అడుగున ఉండే వాల్వు మెషిన్‌లోని మొలకి తగిలితేనే తెరుచుకుంటుంది. తీసి మళ్ళీ గట్టిగా నొక్కండి. రెండోది పంపుకి గాలి పట్టడం. పొలంలో మోటారు నీళ్ళు అందుకోకపోతే పైపులో నీళ్ళు పోసి తిప్పుతారు కదా, ఇదీ అంతే, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడితే పంపులో గాలి చేరుతుంది. ట్యాంకు నిండా పోసి, నాజిల్‌ని ట్యాంకు కంటే కిందికి, నేల దగ్గర పెట్టి, మీట నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. ముందు బుడగలతో తుప్పర తుప్పరగా వచ్చి తర్వాత ధార కుదురుతుంది. పంపు గుయ్యిమని శబ్దం చేస్తూ నీళ్ళు రాకపోతే నాజిల్ మూసుకుపోయినట్టు, శబ్దమే లేకపోతే కరెంటు వైపు లోపం.

మూసుకుపోయిన నాజిల్‌కి మందు మన కిరాణా కొట్టులోనే ఉంది, నిమ్మ ఉప్పు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా కలిపి నాజిల్ కొసని అరగంట ముంచండి, తెల్ల పొర కరుగుతుంది, మెత్తటి బ్రష్‌తో రుద్ది కడగండి. సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే నీళ్ళు ఒకపక్కకే చిమ్ముతాయి. లోపలి పైపులకి కూడా ఇదే చేయాలంటే లీటరు నీళ్ళకి ఒక చెంచా కలిపి ట్యాంకులో పోసి కాసేపు చిమ్మించి, ఇరవై నిమిషాలాగి, రెండు ట్యాంకుల ఉత్త నీళ్ళతో కడిగేయాలి. కానీ మీ మెషిన్‌తో ఇచ్చిన పుస్తకంలో అలాంటివి పొయ్యొద్దని ఉంటే నాజిల్ వరకే ఆపండి. బాత్రూం యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, రబ్బరు, ప్లాస్టిక్ రెండూ పోతాయి.

మిగతా చిన్న తిప్పలు

కింద నీళ్ళు కారుతుంటే ముందు ట్యాంకు ఒక్కదాన్నే నింపి పొడి పేపరు మీద పెట్టండి, పేపరు తడిస్తే ట్యాంకు వాల్వు వాషర్ పోయినట్టు. ట్యాంకు పొడిగా ఉండి మెషిన్ కింద తడి వస్తుంటే లోపలి పైపు ఊడింది, ఆపేసి ప్లగ్ తీయండి, అలా వాడొద్దు. తిరిగే బ్రష్ ఆగిపోతే దానికి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు కత్తెరతో కత్తిరించండి, తర్వాత కూడా తిరగకపోతే లోపలి బెల్టు తెగి ఉంటుంది.

మధ్యలో ఉన్నట్టుండి మొత్తం ఆగిపోతే కంగారు వద్దు. చాలా మెషిన్లలో మోటారు వేడెక్కితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. ప్లగ్ తీసి అరగంట, ముప్పావుగంట వదిలేయండి, ఈలోపు పైపులో అడ్డం ఉందేమో చూడండి, ఎక్కువగా అదే కారణం.

కరెంటు గురించి ఒక మాట. మెషిన్ మీద వాట్లు ఎంతో చూడండి. 1400 వాట్లది 230 వోల్టుల దగ్గర సుమారు 6 ఆంపియర్లు లాగుతుంది, గోడకి ఉండే చిన్న సాకెట్ ఓపిక అంతే, అందుకని అలాంటివి ఏసీకో గీజరుకో వాడే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద తడిలో పెట్టి వాడటం చూశాను, దయచేసి అలా చేయకండి. చెప్పులు వేసుకోండి, తడి చేత్తో ప్లగ్ ముట్టుకోవద్దు, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపకండి, వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు కూడా ఆపేయండి, లాగే బలం తగ్గి కార్పెట్‌లో నీళ్ళే మిగులుతాయి.

పని అయ్యాక ఎంత అలిసిపోయినా మురికి ట్యాంకుని ఆ రోజే కడగాలి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కంపు కొడుతుంది, తర్వాత ఎంత కడిగినా వదలదు. గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పెట్టి నాజిల్‌తో లాగించండి, పైపు లోపల కడిగినట్టు అవుతుంది. తర్వాత ఒక నిమిషం ఉత్త గాలి లాగించి ఆపండి. మంచినీళ్ళ ట్యాంకులో మిగిలిన షాంపూ నీళ్ళు కూడా పారబోసి, రెండు ట్యాంకుల మూతలూ తీసి బోర్లించి, పైపుని రెండు చివర్లూ కిందికి వేలాడేలా బాల్కనీలో తగిలించండి. మర్నాడు అంతా పొడిగా తగిలాకే డబ్బాలో పెట్టండి, మూతలు మాత్రం బిగించకుండా వదులుగా ఉంచండి.